ఉద్యోగం ఒంటిపూట... జ్వరం రెండు పూటలా!

పోయిన వానాకాలం మా కొట్లో ఇద్దరం ఒకే వారంలో మంచం పట్టాం. నేను సోమవారం, మా పార్ట్‌టైమ్ అమ్మాయి గురువారం. ఇద్దరికీ ఒకటే జ్వరం, ఒకటే కీళ్ల నొప్పులు. నేను ఎనిమిది రోజులకి లేచాను. ఆ అమ్మాయికి తొమ్మిది రోజులు పట్టింది. ఒకటో తారీఖున నా జీతం పూర్తిగా నా చేతికొచ్చింది. ఆ అమ్మాయి కవర్లో మాత్రం 2,400 రూపాయలు తక్కువ!

విజయవాడ బీసెంట్ రోడ్డు వైపు ఓ బట్టల దుకాణంలో లెక్కలు రాస్తాను నేను. మొత్తం 14 మందిమి. ఆ అమ్మాయి మధ్యాహ్నం రెండింటికి వచ్చి బిల్లులు కంప్యూటర్లో ఎక్కించి ఆరింటికి వెళ్తుంది. పిల్లాడు చిన్నవాడు, అత్తగారికి చూపు సరిగా ఆనదు, అందుకే ఒంటిపూట ఉద్యోగం. నెలకి 8 వేలు.

"అక్కా, మీక్కూడా కోశారా?" అని మెల్లిగా అడిగింది. లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

యజమానిని అడిగాను. "పార్ట్‌టైమ్ వాళ్లకి సిక్ లీవేంటమ్మా! వచ్చిన రోజుకే జీతం" అన్నారాయన. ఆయన్ని ఒక్కణ్ణే అనడం ఎందుకు? నిజం చెప్పొద్దూ, నేను లేచి వచ్చాక ఆ అమ్మాయి పని కూడా నా నెత్తినే పడింది. నీరసంతో రెండు బల్లల పని చేస్తూ "నాలుగు గంటలు చేసేవాళ్లకీ మాతో సమానంగా సెలవులంటే ఎలా?" అని నేనూ మనసులో విసుక్కున్నదాన్నే. జీతం కవరు చూశాకే ఆ విసుగు ఎంత తప్పో తెలిసింది.

తర్వాత ఆడిటరు గారు లెక్కలు చూడ్డానికి వచ్చినప్పుడు ఆయన్ని కూర్చోబెట్టి అడిగాను. మన రాష్ట్రంలో దుకాణాలకి, ఆఫీసులకి 1988 నాటి షాపులు, సంస్థల చట్టం ఉంది. ఏడాదికి 12 రోజుల దాకా జబ్బు సెలవు, 12 రోజుల దాకా క్యాజువల్ సెలవు, జీతంతో సహా ఇవ్వాలంటుంది. ఆర్జిత సెలవు కావాలంటే ముందు 240 రోజులు పనిచేసి ఉండాలి గానీ జబ్బు సెలవుకి ఆ షరతు లేదు, మొదటి ఏడాది నుంచే వర్తిస్తుంది. "ప్రతి ఉద్యోగికీ" అనే ఉందట అందులో. అంటే మా యజమాని నాకు దయతలచి ఇస్తున్నాడనుకున్నది దయ కాదన్నమాట. ఇన్నేళ్లు లెక్కలు రాస్తూ నేనే ఆ సంగతి తెలుసుకోలేదు!

మరి నా విసుగు సంగతి? కాగితం మీద లెక్కేసి చూశాను. ఆ అమ్మాయి 12 రోజులు సెలవు పెడితే యజమాని ఇచ్చేది 12 ఒంటిపూటల జీతం. నాకిచ్చేది 12 పూర్తి రోజులది. ఆమెకి తక్కువ జీతం కాబట్టి సెలవు జీతమూ తక్కువే. నా వాటా ఆమె తినేదేమీ లేదు. ఇంక చిక్కల్లా వారానికి మూడు రోజులే వచ్చేవాళ్ల విషయంలో. వాళ్లకీ 12 రోజులంటే మాకంటే రెట్టింపైనట్టే కదా! అక్కడ ఆరు రోజులు ఇవ్వడం న్యాయమని నాకనిపిస్తుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1994లో పార్ట్‌టైమ్ ఉద్యోగాల మీదే ఓ ఒప్పందం చేసింది. జబ్బు సెలవు వీళ్లకీ ఉండాలి, డబ్బు మాత్రం పనిగంటలనో జీతాన్నో బట్టి ఇవ్వచ్చు అని. మన దేశం దాని మీద సంతకం పెట్టలేదు. సగం పనికి సగం అంటే ఎవరూ కాదనరు. సగం పనికి సున్నా అంటేనే ఒళ్లు మండుతుంది.

ఈఎస్ఐ సంగతి ఇంకా విచిత్రం. పదిమందీ అంతకుమించి పనిచేసేచోట, నెలకి 21 వేల లోపు జీతగాళ్లకి అది వర్తిస్తుంది. పార్ట్‌టైమ్ వాళ్లకీ వర్తిస్తుంది! మా కొట్లో ఫుల్‌టైమ్ వాళ్లనే చేర్పించారు, ఒంటిపూట వాళ్ల పేర్లు రాయనేలేదు. 8 వేల జీతానికి ఉద్యోగి వాటా నూటికి ముప్పావలా చొప్పున 60 రూపాయలు, యజమాని వాటా మూడుంపావు చొప్పున 260. ఆరు నెలల్లో 78 రోజుల జీతం మీద వాటా కట్టి ఉంటే చాలు, తర్వాత జబ్బు చేసినప్పుడు రోజు జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. మొదటి రెండు రోజులకి మాత్రం రాదు. ఇక్కడ లెక్క రోజులదే గానీ గంటలది కాదు, గమనించారా? వారానికి మూడు రోజులు వెళ్లినా 26 వారాలకి సరిగ్గా 78 అవుతాయి. రెండు రోజులే వెళ్తే 52 దగ్గరే ఆగిపోతారు పాపం.

పేరు రాసి ఉంటే ఆ తొమ్మిది రోజుల జ్వరానికి మా అమ్మాయికి రమారమి 1,300 రూపాయలు వచ్చేవి. గుణదల ఈఎస్ఐ ఆస్పత్రిలో మందులూ దొరికేవి. బయట క్లినిక్కులో రక్తపరీక్షలకే పుస్తెలు తాకట్టు పెట్టినంత పనయిందామెకి.

పార్ట్‌టైమ్ అనే మాటతోనే వచ్చింది ఈ తంటా అంతా. అంగన్‌వాడీ వాళ్లనే చూడండి. వాళ్లది పూర్తికాలం పని కాదు, ఇచ్చేది జీతం కాదు, గౌరవవేతనం అంటూ వచ్చారు. 2022 ఏప్రిల్లో సుప్రీంకోర్టు గుజరాత్ కేసులో, అంత పని చేయిస్తూ దాన్ని పార్ట్‌టైమ్ అంటే ఒప్పుకోం, గ్రాట్యుటీ ఇవ్వాల్సిందేనని చెప్పింది. మన రాష్ట్రంలో వాళ్లు 2023 డిసెంబరులో మొదలుపెట్టి 42 రోజులు సమ్మె చేసినప్పుడు అడిగినవాటిలో ఆ గ్రాట్యుటీ కూడా ఉంది.

మా అమ్మమ్మగారి ఊరు దివిసీమలో. చిన్నప్పుడు నాట్లకి ముఠాలు దిగేవి. ఎకరానికింత అని గుత్తకి మాట్లాడుకుని, సాయంత్రం గట్టుమీద కూర్చుని వచ్చినవాళ్లంతా పంచుకునేవాళ్లు. ఒకావిడ జ్వరంతో రాకపోతే ముఠా పెద్దావిడ ఆమెకి సగం వాటా తీసి పక్కన పెట్టేది. "రేపు మనకొస్తే?" అనేది. ఎవరైనా గొణిగితే ఊరుకునేది కాదు. అన్ని ముఠాల్లోనూ ఇలా ఉండేదని అనను, ఆ ముఠాలో మాత్రం ఉండేది. చదువురాని ఆవిడ గట్టుమీద కట్టిన లెక్కే మా కొట్లో కుదరలేదు.

ఇంతా చెప్పి మా ఇంటి సంగతి దాస్తే బాగుండదు. మా ఇంట్లో పనిచేసే ఆవిడది సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు పొంగినప్పుడు ఇల్లు మునిగింది. పన్నెండు రోజులు రాలేదు. వచ్చాక వారానికే జ్వరం. వరదకని పాత చీరలు, బియ్యం ఇచ్చాను. నెలాఖరుకి జ్వరం రోజులు లెక్కపెట్టి జీతం కోసేశాను! అప్పుడు తప్పనిపించలేదు. నాలుగిళ్లలో చేస్తుంది కాబట్టి నాలుగిళ్లవాళ్లమూ కోశాం. ఆమెకి అది పార్ట్‌టైమ్ కాదు, నాలుగు ముక్కల ఫుల్‌టైమ్. 2007లోనే మన రాష్ట్రంలో ఇంటిపనిని కనీస వేతనాల పట్టికలో చేర్చారు గానీ, ఇల్లు దుకాణం కాదు కాబట్టి ఆ 12 రోజుల సెలవు వాళ్లకి లేదు, ఈఎస్ఐ లేదు. ఆవిడకి యజమాని ఎవరంటే నేనే మరి.

ఆడిటరు గారు గట్టిగా చెప్పాక మా యజమాని ఆ అమ్మాయి పేరు ఈఎస్ఐలో రాయించారు. కోసిన 2,400 మాత్రం ఇంతవరకూ తిరిగి ఇవ్వలేదు. నేను అడుగుతూనే ఉన్నాను, ఆయన "చూద్దాంలే" అంటూనే ఉన్నారు. ఇంట్లో మాత్రం నా చేతిలో పనే కదా! కోసిన డబ్బు ఇచ్చేశాను. ఏడాదికి 12 రోజుల జబ్బు సెలవు అని చెప్పి వంటింటి క్యాలెండరు మీద గీతలు గీస్తున్నాను. "ఇలా అలవాటు చేస్తే పక్కిళ్లవాళ్లు మనల్ని తిట్టిపోస్తారు" అని మా అత్తయ్య గొడవ. తిట్టారు కూడా, పై అంతస్తావిడ.

ఇప్పటికి నాలుగు గీతలయ్యాయి. మొన్న అంట్లు తోముతూ ఆ క్యాలెండరు వైపు చూసి ఆవిడ అడిగింది: "అమ్మగారూ, జబ్బు చెయ్యకపోతే మిగిలినియ్యి సంక్రాంతికి వాడుకోవచ్చాండీ?"

ఆ సంగతి మా అత్తయ్యతో ఇంకా తేల్చుకోవాలి.