బావుల పట్టిక

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతములు మెరక నేలలు. ఇచ్చటి గ్రానైటు శిలలలోని కొన్ని ఖనిజముల నుండి ఫ్లోరైడు భూగర్భజలమున కరగుచుండును. అది మితిమీరిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో పండ్లపై మచ్చలు ఏర్పడును. ఎముకలు బిగుసుకొని నడుము వంగిపోవును. నల్లగొండ జిల్లాలో ఎందరో ఈ వ్యాధికి గురియైరి. అట్టి నీరు చూపునకు తేటగానే యుండును. కావున ప్రతి బావినీటిని పరీక్షించి, వచ్చిన సంఖ్యను వ్రాసికొనవలయును. భారతదేశ ప్రమాణముల ప్రకారము, వేరొక నీటివసతి లేనిచోట సైతము, లీటరు త్రాగునీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములకు మించరాదు.

ఇట్టి సంఖ్యలు అనేకముగా నున్నప్పుడు గ్రాఫింగు కాలిక్యులేటరు ఉపకరించును. జపానుకు చెందిన క్యాసియో సంస్థ 1985లో మొట్టమొదటి గ్రాఫింగు కాలిక్యులేటరును వెలువరించెను. ఈ జాతి యంత్రములు రేఖాచిత్రములు గీయుటయే గాక చిన్న ప్రోగ్రాములను సైతము నెరవేర్చును. ప్రోగ్రామనగా యంత్రము వరుసగా చేయవలసిన పనుల ఆజ్ఞావళి. అమెరికాలో 1996లో వెలువడిన టి.ఐ.-83 అను యంత్రమున ఎల్1 మొదలు ఎల్6 వరకు ఆరు పట్టికలు కలవు. ఒక్కొక్క పట్టికలో 999 సంఖ్యల వరకు నిలుపవచ్చును.

ఒక గ్రామమున ఐదు బావులు కలవనుకొందము. ఎల్1లో బావుల సంఖ్యలు 1, 2, 3, 4, 5 అని యుంచవలెను. ఎల్2లో వాని ఫ్లోరైడు పరిమాణములు అదే వరుసలో 0.8, 3.2, 1.1, 4.5, 1.4 అని యుంచవలెను. ఎల్3 ఖాళీగా నుండవలెను. ఇక ప్రోగ్రామిట్లుండును:

మొదటి స్థానము నుండి ఐదవ స్థానము వరకు ఒక్కొక్కదానిని చూడుము. ఎల్2లోని సంఖ్య 1.5 కంటె ఎక్కువయైనచో, ఎల్1లో అదే స్థానముననున్న బావిసంఖ్యను ఎల్3 చివర చేర్చుము. తుదకు ఎల్3ను చూపుము.

యంత్రము 2, 4 అని చూపును. ఆ రెండు బావుల నీరు త్రాగరాదు.

ఇప్పుడొక విద్యార్థి, ఎక్కువ ఫ్లోరైడు గల బావులు ముందు రావలెనని తలచి, ఎల్2ను మాత్రమే అవరోహణ క్రమమున అమర్చెననుకొందము. అది 4.5, 3.2, 1.4, 1.1, 0.8 అగును. ఎల్1 మాత్రము కదలదు. ఎల్3ను ఖాళీచేసి ప్రోగ్రామును మరల నడపినచో 1, 2 అని వచ్చును. మంచినీటి బావియైన మొదటిదానికి నింద వచ్చును. అన్నిటికంటె హానికరమైన నాల్గవ బావి మంచిదని తేలును! యంత్రము ఏ తప్పిదమును సూచింపదు; ఏలయన అది ఆజ్ఞలను చక్కగనే పాటించినది.

దీనికి ఉపాయము సులభము. అమర్చుమను ఆజ్ఞలో ముందు ఎల్2ను, దాని వెంట ఎల్1ను పేర్కొనవలయును. అప్పుడు ఎల్1 కూడ 4, 2, 5, 3, 1 అని మారును. ప్రతి సంఖ్యయు తన బావిని విడువకుండును.

పట్టికలోని ప్రతి సంఖ్య వెనుక ఒక బావి, ఆ బావినీరు త్రాగు కుటుంబములు కలవు. ఆ సంబంధమును యంత్రమెరుగదు. దానిని కాపాడుట ప్రోగ్రాము వ్రాయువాని బాధ్యత.