లెక్కల బోర్డు కొనేముందు మూడు ప్రశ్నలు

ఈ వారం విషయం కాస్త సాంకేతికమైనదే గానీ, మన జేబుకు సంబంధించింది కూడా. పెద్ద లెక్కలు త్వరగా తేలడానికి కంప్యూటరులో అదనంగా అమర్చుకునే, ఒకే కార్డు మీద అనేక ప్రాసెసర్లున్న బోర్డుల గురించి చెబుతాను.

ఇవి నిన్నామొన్నా పుట్టినవి కావండీ. మనముంటున్న ఈ బ్రిటన్‌లోనే, బ్రిస్టల్‌లో, ఇన్‌మాస్ సంస్థ 1985లో ట్రాన్స్‌ప్యూటర్ అనే చిప్ తెచ్చింది. పక్క చిప్‌లతో మాట్లాడుకోవడానికి దానికి నాలుగు లింకులుండేవి. పీసీలో పెట్టుకునే వారి బి008 బోర్డు మీద పది మాడ్యూళ్లకు చోటుండేది. తరువాత అదే ఊళ్లో క్లియర్‌స్పీడ్ సంస్థ ఒక్క బోర్డు మీద 192 లెక్కల యూనిట్లు అమర్చింది. 2006లో టోక్యోలోని సుబామే సూపర్ కంప్యూటరులో ఆ బోర్డులు వాడారు. 2012లో ఇంటెల్ జియాన్ ఫై వచ్చింది. అందులో 60 కోర్ల బోర్డు కూడా ఉండేది. ఈ మూడింటిలో ఏదీ ఇప్పుడు తయారు కావడం లేదు. అందుకే అట్ట మీది అంకెలు చూసి మురిసిపోకుండా మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది, మన పని పంచుకోవడానికి వీలైనదేనా? పెళ్లి వంటలో పదిమంది కలిసి కూరలు తరగొచ్చు గానీ, పప్పు ఉడకడానికి పట్టే సమయం పట్టాల్సిందే. 1967లో జీన్ ఆమ్‌డాల్ చెప్పింది ఇదే. పనిలో పదోవంతు పంచలేనిదైతే, ఎన్ని ప్రాసెసర్లు పెట్టినా వేగం పదిరెట్లు దాటదు.

రెండోది, సరుకు రవాణా సంగతేమిటి? 2022లో వచ్చిన ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4090నే చూడండి. బోర్డు లోపలి మెమరీ వేగం సెకనుకు 1008 గిగాబైట్లు. కంప్యూటరు నుంచి బోర్డుకు వెళ్లే దారి మాత్రం దాదాపు 32. డేటాను మాటిమాటికీ అటూ ఇటూ తిప్పే ప్రోగ్రాముకు కాలమంతా దారిలోనే గడిచిపోతుంది. మీ డేటా బోర్డులోని 24 గిగాబైట్లలో ఇమిడితేనే అసలు లాభం.

మూడోది, మన ప్రోగ్రాము దాని మీద నడుస్తుందా? ఎన్విడియా నిలదొక్కుకోవడానికి ఒక ముఖ్య కారణం, ఆటల కోసం జనం ముందే కొనుక్కున్న కార్డుల మీద లెక్కలు చేయించే కూడా అనే సాధనాన్ని 2007లో అందించడం. అయితే ఆటల కార్డుల్లోనూ ఓ మెలిక ఉంది. ఎక్కువ దశాంశ స్థానాలు కావలసిన 64 బిట్ల లెక్కల్లో 4090 వేగం, 32 బిట్ల వేగంలో 64వ వంతే. ఇంజనీరింగు లెక్కలు చేసేవారు ఇది తప్పక చూసుకోవాలి.

కొనేముందు అలాంటి బోర్డునే క్లౌడ్‌లో కొన్ని గంటలు అద్దెకు తీసుకుని, మీ సొంత ప్రోగ్రాము నడిపి చూడండి. గడియారం చూసి వేగం ఎంత పెరిగిందో లెక్కవేసుకోండి. ఆ తరువాతే డబ్బు తీయండి.