ఉయ్యాల కట్టే ముందు తాడునూ ముడినీ చూడండి

వానాకాలం వచ్చిందంటే మా ఇంట్లో పిల్లలు అడిగే మొదటి మాట "ఝూలా ఎప్పుడు కడతారు?" అని. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో సావన్ ఝూలా అన్నా, కోస్తా జిల్లాల్లో అట్లతద్ది ఉయ్యాల అన్నా, కావలసినవి ఒక గట్టి కొమ్మ, ఒక తాడు, ఒక పీట. మారేడుపల్లి, తిరుమలగిరి వైపు పాత ఇళ్ల పెరళ్లలో ఇంకా వేపచెట్లు మిగిలి ఉన్నాయి కాబట్టి ఈ ముచ్చట మన సికింద్రాబాద్‌లో పూర్తిగా పోలేదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా పెరట్లో ఉయ్యాల తెగి తమ్ముడి చెయ్యి విరిగింది. కట్టు కట్టించుకుని వచ్చాక అబ్బా ఆ తెగిన తాడును మా ముందు పెట్టి చూపించారు. నడుమ అంతా కొత్త తాడులాగే ఉంది. కొమ్మ మీద ఆనిన చోట మాత్రం పీచుపీచుగా అరిగిపోయింది. తర్వాత బడిలో స్కౌటు పిల్లలకు ముడులు నేర్పిన ఏళ్లలోనూ నాకు అర్థమైంది ఇదే. తాడు నడుమ తెగడం అరుదు. అది తెగేది రాసుకునే చోట, లేదా ముడి పడ్డ చోట. ఈ రెండు చోట్లనూ దృష్టిలో పెట్టుకుంటే తాడు ఎంపిక సులువవుతుంది.

ఎంత బరువు పడుతుంది?

నలభై కిలోల పిల్లవాడు కూర్చుంటే తాళ్ల మీద నలభై కిలోలే కదా అనుకుంటాం. ఊగడం మొదలయ్యాక లెక్క మారుతుంది. ఉయ్యాల ఒక లోలకం. నిట్టనిలువు నుంచి 60 డిగ్రీల దాకా ఊగి కిందికి వచ్చినప్పుడు, అడుగున తాళ్ల మీద పడే లాగుడు బరువుకు రెట్టింపు, అంటే 80 కిలోలు. తాళ్లు నేలకు సమాంతరమయ్యేంత ఎత్తుకు ఊగితే మూడు రెట్లు, 120 కిలోలు. ఒక పక్కకు ఒరిగితే ఆ భారమంతా ఒకే తాడు మీద పడవచ్చు. పైగా ముడి వేసిన చోట తాడు బలం మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది. ఎండావానలకు మరికొంత పోతుంది. అందుకే మనుషుల బరువు మోసే తాడుకు పది రెట్ల బలం చూసుకోవడం మంచిది. ఈ లెక్కన ఒక్కో తాడు కొత్తగా ఉన్నప్పుడు 1,200 కిలోలకు తగ్గకుండా తట్టుకోవాలి.

ఏ తాడు?

కొబ్బరి పీచు తాడు చవక, చూడ్డానికి అందం. కానీ అదే మందం ఉన్న మిగతా తాళ్లకంటే బలం బాగా తక్కువ, చేతులకు గుచ్చుకుంటుంది. జనపనార తాడు వానలో నాని లోపల కుళ్లుతుంది, పైకి మాత్రం బాగానే కనిపిస్తుంది. నూలు తాడు చేతికి మెత్తన, కాని దానిదీ అదే గుణం. ఈ మూడూ వరండాలో కట్టే చిన్నపిల్లల ఉయ్యాలకు సరే, ఏడాది పొడుగునా చెట్టుకు వదిలేయడానికి పనికిరావు.

రంగురంగుల ప్లాస్టిక్ తాడు, అంటే పాలీప్రొపిలీన్, నీటికి పాడవదు. దాని శత్రువు మన ఎండ. ఒకటి రెండు వేసవులు గడిచాక గోటితో గీకితే పొడిలా రాలుతుంది. అలా రాలితే ఆ తాడును పారేయండి. నైలాన్ చాలా గట్టిది కాని సాగుతుంది. పొద్దున మోకాలెత్తున కట్టిన పీట సాయంత్రానికి కిందికి దిగుతుంది.

బయట కట్టే ఉయ్యాలకు నేను చెప్పేది 12 మిల్లీమీటర్ల పాలిస్టర్ తాడు. ఎండకూ వానకూ బాగా ఓర్చుకుంటుంది, తక్కువ సాగుతుంది, మంచి రకమైతే పైన చెప్పిన బలానికి మించే ఉంటుంది. పిల్లల పిడికిలికి ఆ మందం సరిపోతుంది. రాణీగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో ఎంత లోడుకు తెగుతుందో అడిగి తీసుకోండి.

కొమ్మ 3 మీటర్ల ఎత్తులో ఉంటే, చుట్లకూ ముడులకూ కలిపి ఒక్కో వైపు నాలుగున్నర మీటర్లు పడుతుంది. మొత్తం 10 మీటర్లు కొనండి. ఇంట్లో ఉన్న రెండు ముక్కలను ముడివేసి సరిపెట్టవద్దు.

ఏ ముడి?

కొమ్మ దగ్గర తాడును ఊరికే వేలాడదీస్తే ఊగినప్పుడల్లా రాసుకుంటుంది. మా తమ్ముడి ఉయ్యాలకు జరిగింది అదే. అందుకే కొమ్మ చుట్టూ రెండు నిండు చుట్లు తిప్పి, కొసను వేలాడే తాడు చుట్టూ రెండు అరముడులుగా బిగించాలి. చుట్లు కొమ్మను పట్టుకుంటాయి, తాడు జరగదు. కింద పాత సైకిల్ ట్యూబు ముక్క వేస్తే తాడుకూ బెరడుకూ మేలు.

పీట దగ్గరో, ఇనుప కొక్కేనికో జారని ఉచ్చు కావాలి. స్కౌట్లు దీన్ని బోలైన్ అంటారు. మా పిల్లలకు ఇలా చెప్పేదాన్ని: పొడుగు తాడు చెట్టు. దాని మీద, కొస వైపు తాడు పైకి వచ్చేలా ఒక చిన్న చుట్టు వేస్తే అది పుట్ట. కొస పాము. పాము పుట్టలోంచి పైకి వచ్చి, చెట్టు వెనకనుంచి తిరిగి, మళ్లీ అదే పుట్టలోకి దిగుతుంది. తర్వాత గట్టిగా లాగాలి. కొస కనీసం జానెడు మిగలాలి. ఈ ముడి బరువు పడితే బిగుస్తుంది, బరువు తీశాక సులువుగా ఊడుతుంది. పీటముడి వేస్తే విప్పలేం, విప్పలేకపోతే లోపల తాడు ఎలా ఉందో చూడలేం.

చివరగా కొన్ని జాగ్రత్తలు

మునగ కొమ్మకు ఎప్పుడూ కట్టవద్దు, అది చెప్పకుండా విరుగుతుంది. వేప, చింత, మామిడి కొమ్మలైతే పచ్చిగా, జానెడు మందానికి తగ్గకుండా ఉండాలి. కట్టాక మొదట పెద్దవాళ్లు కూర్చుని ఊగి చూడాలి. నెలకోసారి ముడులు విప్పి తాడును వేళ్లతో తడిమి చూసి, మళ్లీ కట్టాలి.

ఒక్క మాట మరచిపోవద్దు. చీరతో కట్టిన ఉయ్యాల మెలిపడి, మెడకు బిగిసి పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు మన పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. ఊగే వయసు పిల్లలకు చీర ఉయ్యాల వద్దు. తాడు కొసలు ఉచ్చులుగా వేలాడనివ్వవద్దు. దుపట్టాతో ఊగనివ్వవద్దు. పిల్లలు ఊగుతున్నంతసేపూ పెద్దవాళ్లు ఒకరు అక్కడే ఉండాలి.