పికప్ ట్రక్‌పై క్యాంపర్ పెడుతున్నారా? ముందు డోర్ స్టిక్కర్ చదవండి!

అమెరికాలో సెలవులొస్తే ఆర్‌వీ అద్దెకు తీసుకుని నేషనల్ పార్కులు తిరగడం మనవాళ్లకీ అలవాటైపోయింది. ఇంట్లో పికప్ ట్రక్ కూడా ఉంటే ఆ తర్వాత వచ్చే ఆలోచన ట్రక్ క్యాంపర్. మంచం, స్టవ్, ఫ్రిజ్, కొన్నింట్లో బాత్రూమ్ కూడా ఉండే చిన్న గది ఇది. ట్రక్ వెనక సామాన్లు వేసే తొట్టిలో, అంటే బెడ్‌లో, దీన్ని కూర్చోబెడతారు. ట్రైలర్‌లా వెనక లాగక్కర్లేదు. క్యాంప్‌సైట్‌లో దించేసి ట్రక్‌ని మామూలుగా వాడుకోవచ్చు కూడా.

వినడానికి సింపుల్‌గానే ఉంది. కానీ ఫోన్‌కి కేస్ తొడిగినంత ఈజీ మాత్రం కాదు. లెక్క తప్పితే టైర్లు, బ్రేకులు, స్టీరింగ్ అన్నింటి మీదా భారం పడుతుంది. లోపల కూర్చునేది మన ఫ్యామిలీ. అందుకే కొనే ముందు, ఎక్కించే ముందు ఏం చూసుకోవాలో ఒక్కొక్కటిగా తెలుసుకుందాం.

1. అసలు నంబర్ డోర్ దగ్గరుంది

డ్రైవర్ డోర్ తెరిస్తే పక్కన టైర్ల స్టిక్కర్ ఒకటి కనిపిస్తుంది. మనుషులు, సామాన్లు కలిపి ఎన్ని పౌండ్లు దాటకూడదో అందులో రాసి ఉంటుంది. మీ బండి పేలోడ్ అదే. యాడ్‌లో చెప్పే నంబర్ ఆ మోడల్‌లో గరిష్ఠంగా మోయగల వేరియంట్‌ది. ఒకే ఫోన్ పేరుతో 6జీబీ, 8జీబీ వేరియంట్లు ఉన్నట్టే ఇక్కడా తేడాలుంటాయి. డీజిల్ ఇంజిన్, ఫోర్ వీల్ డ్రైవ్, సన్‌రూఫ్, పెద్ద క్యాబిన్... వీటి బరువు పెరిగేకొద్దీ పేలోడ్ తగ్గుతుంది. అందుకే పక్కింటివాళ్ల ఎఫ్-250 మోసింది కదా అని మీ ఎఫ్-250 కూడా మోస్తుందని అనుకోవద్దు.

2. బ్రోచర్ బరువుతో మోసపోవద్దు

క్యాంపర్ బ్రోచర్‌లో ఇచ్చేది చాలావరకు డ్రై వెయిట్. అంటే నీళ్లు, సామాన్లు లేకుండా, ఎక్స్‌ట్రా ఫీచర్లు బిగించకుండా ఉన్న బరువు. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. మీ స్టిక్కర్ 2,900 పౌండ్లు అంటోంది. క్యాంపర్ డ్రై వెయిట్ 2,100. ఇంకా 800 పౌండ్లు మిగిలాయి కదా అనిపిస్తుంది. ఇప్పుడు మిగతావి కలపండి:

- ఏసీ, ఆనింగ్, రెండో బ్యాటరీ లాంటివి: 250
- 30 గ్యాలన్ల నీళ్లు: 250 (ఒక గ్యాలన్ సుమారు 8.3 పౌండ్లు)
- నిండుగా ఉన్న చిన్న ప్రొపేన్ సిలిండర్లు రెండు: 75
- టై-డౌన్లు, వాటి బ్రాకెట్లు: 100
- బట్టలు, వంట సామాను, బియ్యం, కుర్చీలు: 300
- నలుగురు మనుషులు: 560

మొత్తం 3,635 పౌండ్లు. 800 మిగలాల్సింది పోయి 735 ఎక్కువైంది. అంటే దాదాపు 330 కేజీల ఓవర్‌లోడ్! ఈ లెక్క షోరూమ్‌లో ఎవరూ వేసి చూపించరు, మనమే వేసుకోవాలి.

"ఎయిర్‌బ్యాగ్ సస్పెన్షన్ వేయిస్తే సరిపోతుంది" అని చాలామంది చెబుతారు. అది వెనక భాగం కుంగిపోకుండా లెవెల్‌గా ఉంచుతుంది, అంతే. బ్రేకులు, యాక్సిల్ కెపాసిటీ అలాగే ఉంటాయి. స్టిక్కర్ మీద నంబర్ ఒక్క పౌండ్ కూడా పెరగదు.

3. బరువు ఎక్కడ పడుతోంది?

మొత్తం బరువు సరిపోయినంత మాత్రాన పని అయిపోలేదు. క్యాంపర్ బరువుకి మధ్య బిందువు, అంటే సెంటర్ ఆఫ్ గ్రావిటీ ఎక్కడుందో కంపెనీలు క్యాంపర్ పక్కన గుర్తు పెట్టి ఇస్తాయి. ఎక్కించాక ఆ గుర్తు వెనక చక్రాల ఇరుసుకు కాస్త ముందు ఉండాలి. ఇరుసు దాటి వెనక్కి పోతే ముందు చక్రాల మీద బరువు తగ్గి, స్టీరింగ్ తేలిపోయినట్టు అవుతుంది. 8 అడుగుల బెడ్ కోసం చేసిన క్యాంపర్‌ని ఐదున్నర అడుగుల బెడ్‌లో పెట్టినప్పుడు వచ్చే సమస్య ఇదే.

బెడ్ పొడవుతో పాటు చక్రాల గూళ్ల మధ్య వెడల్పు, బెడ్ గోడల ఎత్తు, క్యాబిన్ టాప్‌కీ క్యాంపర్ ముందు భాగానికీ మధ్య గ్యాప్ కూడా టేపుతో కొలుచుకోండి. చాలా క్యాంపర్లకి టెయిల్‌గేట్ తీసేయాల్సి వస్తుంది. రివర్స్ కెమెరా ఉండేది దానికే! కాబట్టి క్యాంపర్ వెనక బిగించడానికి వేరే కెమెరా బడ్జెట్‌లో వేసుకోండి.

4. టైర్లు, టై-డౌన్లు

టైర్ పక్కన దాని లోడ్ కెపాసిటీ రాసి ఉంటుంది. వెనక టైర్లు రెండూ కలిపి మోయగలిగింది వెనక యాక్సిల్ మీద పడే బరువు కంటే ఎక్కువ ఉండాలి. కార్ల తరహా పీ-మెట్రిక్ టైర్లు ఈ పనికి పనికిరావు. బరువైన క్యాంపర్లకి సాధారణంగా ఎల్‌టీ రకం, లోడ్ రేంజ్ ఈ టైర్లు వాడతారు. టైర్ ప్రెషర్‌ని ఫోన్‌లోనో చిన్న స్క్రీన్‌లోనో చూపించే టీపీఎంఎస్ కిట్ ఉంటే గాలి తగ్గడం, టైర్ వేడెక్కడం ముందే తెలుస్తాయి. ఈ ట్రిప్‌కి పెట్టే ఖర్చుల్లో అది దండగ కాదు.

క్యాంపర్‌ని నాలుగు మూలలా ట్రక్‌కి కట్టే గొలుసులు, టర్న్‌బకిల్స్‌ని టై-డౌన్లు అంటారు. వీటిని పట్టుకునే బ్రాకెట్లు ట్రక్ ఫ్రేమ్‌కి బిగించేవైతే మంచిది. బెడ్ రేకుకి బిగించేవి సడన్ బ్రేక్ పడినప్పుడు రేకునే వంచేసే ప్రమాదం ఉంది. ఫోర్డ్ ఎఫ్-150 2015 మోడల్ నుంచి, సూపర్ డ్యూటీ 2017 నుంచి అల్యూమినియం బాడీతో వస్తున్నాయి కాబట్టి వాటి ఓనర్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. బెడ్‌లో నున్నటి ప్లాస్టిక్ లైనర్ ఉంటే తీసేసి రబ్బర్ మ్యాట్ పరవండి. క్యాంపర్ జారదు.

5. ఎక్కించేటప్పుడు ఈ ఆర్డర్ ఫాలో అవ్వండి

1. గట్టి, సమతలమైన నేల చూసుకోండి. మెత్తటి మట్టిలో జాక్ కాళ్లు దిగబడతాయి.
2. నాలుగు జాక్‌లతో క్యాంపర్‌ని కొద్దికొద్దిగా, సమానంగా లేపండి. ఒక మూల ఒక్కసారిగా లేపితే మొత్తం పక్కకి ఒరుగుతుంది.
3. ట్రక్‌ని నెమ్మదిగా రివర్స్ చేయండి. సైగలు చేసేవాళ్లు పక్కన, డ్రైవర్‌కి అద్దంలో కనిపించేలా నిలబడాలి. ట్రక్‌కీ క్యాంపర్‌కీ మధ్య ఎవరూ ఉండకూడదు. పిల్లలు దరిదాపుల్లో ఉండొద్దు. క్యాంపర్ కిందకి మాత్రం ఎవరూ దూరొద్దు.
4. హ్యాండ్ బ్రేక్ వేసి, లైట్ల వైరు ప్లగ్ పెట్టి, క్యాంపర్‌ని మెల్లగా దించండి. ఎలక్ట్రిక్ జాక్‌లకి వైర్‌లెస్ రిమోట్ ఉంటే దూరంగా నిలబడి నాలుగు మూలలూ చూస్తూ పని కానివ్వొచ్చు.
5. టై-డౌన్లు బిగించి, జాక్‌లు పూర్తిగా పైకెత్తి, బ్రేక్ లైట్లు, ఇండికేటర్లు చెక్ చేయండి.

బయల్దేరిన 20, 30 మైళ్లకి ఒకసారి ఆగి టై-డౌన్లు మళ్లీ చూడండి. క్యాంపర్ సర్దుకునే క్రమంలో అవి వదులవుతాయి.

6. తూకం వేయించండి

హైవే పక్క ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేల్ దగ్గర నీళ్లు, సామాన్లు, మనుషులతో సహా ఒకసారి తూకం వేయించండి. వెయ్ మై ట్రక్ యాప్‌తో డబ్బు కట్టి, రిజల్ట్ కూడా ఫోన్‌లోనే చూసుకోవచ్చు. ముందు, వెనక యాక్సిల్స్ బరువు విడివిడిగా వస్తుంది. దాన్ని డోర్ దగ్గర ఉండే జీఏడబ్ల్యూఆర్ నంబర్లతోనూ, మొత్తాన్ని జీవీడబ్ల్యూఆర్‌తోనూ పోల్చండి. ఏది దాటినా ఓవర్‌లోడే.

అక్కడితో ఆగకుండా నేల నుంచి క్యాంపర్ మీది ఏసీ వరకు ఎత్తు కొలిచి, డ్యాష్‌బోర్డ్ మీద పెద్ద అక్షరాలతో అతికించుకోండి. గూగుల్ మ్యాప్స్‌కి మీ బండి ఎత్తు తెలీదు. నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో 11 అడుగుల 8 అంగుళాల రైల్వే బ్రిడ్జిని ఎన్నో ట్రక్కులు గుద్దుకోవడంతో 2019లో దాన్ని 8 అంగుళాలు పైకి లేపారు. ఆ తర్వాత కూడా గుద్దుకునేవాళ్లు ఆగలేదు. ఎత్తు ఎంటర్ చేస్తే దానికి తగ్గ రూట్ చూపించే ఆర్‌వీ జీపీఎస్ డివైజ్‌లు వేరే ఉన్నాయి.

ఫైనల్‌గా చెప్పాలంటే, క్యాంపర్ నచ్చాక దానికి ట్రక్ సరిపోతుందా అని చూడటం కాదు. ముందు డోర్ స్టిక్కర్ ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. ఆ నంబర్‌లో ఇంట్లోవాళ్ల బరువు, నీళ్లు, సామాన్లు తీసేయగా మిగిలిందే మీరు కొనగలిగే క్యాంపర్ బరువు. అది తక్కువైతే చిన్న పాప్-అప్ క్యాంపర్ తీసుకోండి, లేదా ఇంకా పెద్ద ట్రక్ చూడండి. ఈ రెండూ కుదరకపోతే ఆర్‌వీ అద్దెకు తీసుకోవడమే బెస్ట్.