కంప్యూటరుకు ఉచిత కాపలాదారు

పిల్లలూ, ఒక సాయంత్రం ఊహించుకోండి. గుంటూరు నుంచి తాతయ్య సింగపూర్ వచ్చారు. హాల్లో కంప్యూటరు ముందు కూర్చుని పాత తెలుగు పాటలు వెతుక్కుంటున్నారు. ఉన్నట్టుండి తెర అంతా ఎర్రగా మారిపోయింది. "మీ కంప్యూటరులో 5 వైరస్‌లు ఉన్నాయి! ఉచిత యాంటీవైరస్ కోసం ఇక్కడ నొక్కండి" అని పెద్ద అక్షరాలు కనిపించాయి.

"ఇదేంటమ్మా, నొక్కమంటోంది. నొక్కనా?" అని తాతయ్య మనవరాలిని అడిగారు.

"వద్దు తాతయ్యా, ఆగండి!" అంది మనవరాలు.

ఉచిత యాంటీవైరస్ మంచిదే కదా, మరి ఆ అమ్మాయి ఎందుకు ఆపింది? ఈ పాఠంలో తెలుసుకుందాం.

వైరస్, యాంటీవైరస్

వైరస్ కూడా ఒక ప్రోగ్రామే. కాకపోతే చెడ్డపని చెయ్యడానికి రాసిన ప్రోగ్రాము. అది ఫోటోలు పాడుచెయ్యగలదు, అమ్మ బ్యాంకు పాస్‌వర్డ్, నాన్న సింగ్‌పాస్ వివరాలు దొంగిలించగలదు.

యాంటీవైరస్ మన కాపలాదారు. దాని దగ్గర తెలిసిన వైరస్‌ల గుర్తుల జాబితా ఉంటుంది, పోలీసుల దగ్గర దొంగల వేలిముద్రలు ఉన్నట్టు. కొత్త ఫైలు రాగానే ఆ జాబితాతో పోల్చి చూస్తుంది. ఏదైనా ప్రోగ్రాము అనుమానంగా ప్రవర్తించినా ఆపుతుంది. రోజూ కొత్త వైరస్‌లు పుడుతుంటాయి కాబట్టి ఆ జాబితా కూడా రోజూ కొత్తగా రావాలి. దాన్నే అప్‌డేట్ అంటాం.

దొంగే కాపలాదారు వేషం వేస్తే?

ఒక వెబ్ పేజీ మీ కంప్యూటరు లోపలి ఫైళ్లన్నీ వెతికి వైరస్‌లు లెక్కపెట్టలేదు. కాబట్టి తాతయ్య చూసిన "5 వైరస్‌లు" అబద్ధం. అక్కడ నొక్కితే వచ్చేదే అసలు వైరస్ కావచ్చు.

తెలుగులో ఒక సామెత ఉంది: ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. బయటి దొంగకు తాళం అడ్డు. ఇంట్లోనే ఉన్నవాడికి ఏ తాళం అడ్డు? మనమే "సరే" నొక్కి లోపలికి పిలిచిన ప్రోగ్రాము కూడా అలాంటిదే.

సింగపూర్‌లో 2023లో ఇలాగే జరిగింది. సోషల్ మీడియాలో చవక వస్తువులు, ఇల్లు శుభ్రం చేసే సేవలు అంటూ దొంగ ప్రకటనలు వచ్చాయి. "ఈ యాప్ పెట్టుకోండి" అంటూ వాట్సాప్‌లో లింకు పంపారు. నమ్మినవాళ్లు తమ ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ యాప్ వాళ్లే పెట్టుకున్నారు. మోసగాళ్లు దూరం నుంచే ఆ ఫోన్లు నడిపి బ్యాంకు డబ్బు తీసుకున్నారు. పోలీసుల లెక్క ప్రకారం ఆ ఏడాది ఇలాంటి కేసులు సుమారు 1,900. పోయిన డబ్బు 3 కోట్ల 40 లక్షల సింగపూర్ డాలర్ల పైనే. అవి ఫోన్లు. కంప్యూటరులోనూ మోసం చేసే తీరు ఇదే.

సరిగ్గా ఎలా పెట్టుకోవాలి?

అమ్మనో నాన్ననో పక్కన కూర్చోబెట్టుకుని ఈ పని చెయ్యండి.

1. ముందు ఇంట్లో ఉన్నది చూడండి. స్టార్ట్ నొక్కి, విండోస్ సెక్యూరిటీ అని టైప్ చెయ్యండి. విండోస్ 10, 11లలో డిఫెండర్ అనే యాంటీవైరస్ ముందే ఉంటుంది. దానికి వేరే డబ్బు కట్టక్కర్లేదు. ఆకుపచ్చ టిక్ కనిపిస్తే అది పనిచేస్తున్నట్టే. చాలా ఇళ్లకు ఇదే సరిపోతుంది.

2. వేరేది కావాలంటే ఒక్కటే పెట్టుకోండి. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి పనిచేస్తే ఒకదాన్నొకటి అనుమానిస్తాయి, కంప్యూటరు నెమ్మదిస్తుంది.

3. ఆ కంపెనీ వెబ్‌సైటు పేరు మీరే టైప్ చెయ్యండి. వెతికినప్పుడు అన్నిటికంటే పైన వచ్చేది ప్రకటన కావచ్చు. ఉచితం అన్నాక కూడా కార్డు నంబరు అడిగితే అక్కడే ఆగి పెద్దవాళ్లకు చూపించండి.

4. ఫైలు తెరిచినప్పుడు విండోస్ అనుమతి అడుగుతుంది. అక్కడ కంపెనీ పేరు కూడా చూపిస్తుంది. మీరు ఎంచుకున్న కంపెనీ పేరు అదేనా? చదివాకే ఒప్పుకోండి.

5. గబగబా నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కకండి. మధ్యలో మీకు అక్కర్లేని ప్రోగ్రాములకు టిక్ పెట్టి ఉండొచ్చు. ఆ టిక్ తీసెయ్యండి.

6. చివరగా అప్‌డేట్ చేసి, పూర్తి స్కాన్ పెట్టండి. గంట కంటే ఎక్కువే పట్టొచ్చు. ఈలోగా భోంచేసి రండి!

ఉచితం ఎందుకు ఇస్తారు?

ఉచితంగా వాడినవాళ్లలో కొందరు తర్వాత డబ్బు కట్టి పెద్ద ప్యాకేజీ కొంటారని కంపెనీల ఆశ. అందులో తప్పు లేదు. కానీ ఒక్కోసారి మనం ఇంకో రకంగా ధర చెల్లిస్తాం. జనం ఏ వెబ్‌సైట్లు చూస్తున్నారో ఆ వివరాలు సేకరించి అమ్మిందని అవాస్ట్ అనే యాంటీవైరస్ కంపెనీ మీద అమెరికాలో ఆరోపణ వచ్చింది. 1 కోటి 65 లక్షల డాలర్లు కట్టాలని 2024లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కంపెనీకి చెప్పింది. అందుకే ఏ యాంటీవైరస్ పెట్టినా, సెట్టింగులలో ప్రైవసీ పేజీ తెరిచి, మన వివరాలు ఇతరులతో పంచుకోవద్దని ఎంచుకోండి.

పొరపాటున నొక్కేస్తే?

తిడతారని దాచకండి. వెంటనే ఇంటర్నెట్ ఆపేసి పెద్దవాళ్లకు చెప్పండి. వేరే ఫోను నుంచి పాస్‌వర్డులు మార్చాలి, బ్యాంకుకు ఫోన్ చెయ్యాలి. మోసమో కాదో తెలియకపోతే సింగపూర్‌లో స్కామ్‌షీల్డ్ హెల్ప్‌లైన్ 1799కి అడగొచ్చు. ఎర్ర తెర మీద ఉన్న నంబరుకు మాత్రం ఎప్పుడూ ఫోన్ చెయ్యకండి.

మనవరాలు ఆ పేజీ మూసేసి, విండోస్ సెక్యూరిటీ తెరిచి, ఆకుపచ్చ టిక్ తాతయ్యకు చూపించింది. "కాపలాదారు ఇంట్లోనే ఉన్నాడు తాతయ్యా, మీరు పాటలు వినండి" అంది.

కొత్త మాటలు

కాపలాదారు: ఇంటినో వస్తువునో కనిపెట్టుకుని ఉండే మనిషి
ఉచితం: డబ్బు తీసుకోకుండా ఇచ్చేది
అనుమానం: ఇది మంచిదో కాదో అనే సందేహం
వేలిముద్ర: వేలి మీది గీతల గుర్తు

చేసి చూద్దాం

1. ఎర్ర తెర చెప్పింది అబద్ధమని మనవరాలికి ఎలా తెలిసి ఉంటుంది? రెండు వాక్యాలు రాయండి.
2. ఇంటి దొంగ సామెతను మీ మాటల్లో అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్‌లో చెప్పండి.
3. మీ ఇంటి కంప్యూటరులో ఏ యాంటీవైరస్ ఉంది? పెద్దవాళ్లతో కలిసి చూసి, దాని పేరు తెలుగులో రాయండి.