ప్లాస్మా ఎందుకు ఆరిపోతుంది? ఎలా నిలుపుతారు?

2025 ఫిబ్రవరి 12న దక్షిణ ఫ్రాన్సులోని కదరాష్‌లో వెస్ట్ అనే టోకమాక్ (కేంద్రక సంలీన ప్రయోగ యంత్రం) హైడ్రోజన్ ప్లాస్మాను, అంటే ఎలక్ట్రాన్లు ఊడిపోయేంత వేడెక్కిన వాయువును, 1,337 సెకన్లు, అంటే 22 నిమిషాల పైచిలుకు, ఆరకుండా నిలిపింది. అంతకు మూడు వారాల ముందు చైనాలోని హెఫేలో ఈస్ట్ అనే మరో టోకమాక్ నిలిపింది 1,066 సెకన్లు. సూర్యుడు వందల కోట్ల ఏళ్లుగా వెలుగుతూనే ఉన్నాడు కదా, 22 నిమిషాలకే ఇంత సంబరమా?

సూర్యుడి ప్లాస్మాను అతని బరువే పట్టి ఉంచుతుంది. మన దగ్గర ఆ బరువు లేదు. పైగా టోకమాక్‌లోని ప్లాస్మా గాలికన్నా లక్ష రెట్లకు మించి పలుచన. కోట్ల డిగ్రీలు అనగానే పేలుతుందేమోనని మనం భయపడతాం గానీ, దగ్గరుండి నడిపేవాళ్ల దిగులంతా ఆరిపోతుందనే.

అయస్కాంతం ఉందిగా, పట్టుకోదా? పట్టుకుంటుంది, ఒక మెలికతో. టోకమాక్ లోపలి గది చిల్లుగారె ఆకారంలో ఉంటుంది. చుట్టూ తీగచుట్టలు పెడితే అయస్కాంత క్షేత్రం చిల్లు వైపు బలంగా, బయటి అంచున బలహీనంగా ఉంటుంది. ఆ తేడాతో కణాలు దారి తప్పి గోడవైపు జారతాయి. జారకుండా క్షేత్రరేఖలను తాడు పేనినట్టు మెలితిప్పాలి. అందుకోసం ప్లాస్మాలోనే లక్షల ఆంపియర్ల కరెంటు పారిస్తారు.

చిక్కంతా ఆ కరెంటుతోనే. చిల్లులో నిలబెట్టిన పెద్ద తీగచుట్ట ప్రైమరీ, ప్లాస్మా ఒంటిచుట్టు సెకండరీ. అచ్చం ట్రాన్స్‌ఫార్మరే. వీధిలోని ట్రాన్స్‌ఫార్మర్ రాత్రింబవళ్లు పనిచేస్తుందంటే అందులో కరెంటు అటూ ఇటూ మారుతూ ఉండబట్టి. ప్లాస్మాలోనేమో ఒకే దిక్కున పారాలి, అందుకు ప్రైమరీ కరెంటు ఒకే వైపు మారుతూ పోవాలి. దానికో హద్దుంది. అది దాటలేం. కనుక వెస్ట్‌లో ఆ పనిని రేడియో తరంగాలకు అప్పగించారు. అవి ఎలక్ట్రాన్లను ఒకే వైపు తోస్తూ కరెంటు నిలుపుతాయి. జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్ వాళ్లు అసలా కరెంటే వద్దని, మెలికను తీగచుట్టల్లోనే పెట్టేశారు. చూస్తే ఎవరో కోపంతో నలిపి పారేసినట్టుంటాయి, నిజానికి ఒక్కో వంపూ కంప్యూటరు లెక్క. వాళ్ల వెండెల్‌స్టైన్ 7-ఎక్స్ 2023లో 8 నిమిషాలు నడిచింది.

ఇక గోడ. నా లెక్కన అసలు పరీక్ష దానికే. ప్లాస్మా వేడెక్కడం, సర్దుకోవడం సెకన్లలో అయిపోతుంది. గోడకు ఆ తొందర లేదు. ఐదు సెకన్ల ప్రయోగమైతే పెనాన్ని పొయ్యి మీద పెట్టి వెంటనే దించినట్టు. నిమిషాలు గడిస్తే వెనుక నీళ్లు పారిస్తూ వచ్చిన వేడిని వచ్చినట్టే లాగేయాలి. గోడలో ఇంకిన వాయువు కూడా అప్పుడే నెమ్మదిగా బయటపడుతుంది. ఇదివరకు కర్బనపు పలకలుండేవి. అవి హైడ్రోజన్‌ను పీల్చుకుంటాయి. రేపు దాని స్థానంలో రేడియోధార్మిక ట్రిటియం వస్తే అది పెద్ద తలనొప్పి. అందుకే 3,422 డిగ్రీల దాకా కరగని టంగ్‌స్టన్. వెస్ట్ (WEST) పేరులోని మొదటి అక్షరం W దిక్కుది కాదు, ఈ లోహపు సంకేతమే. అయితే టంగ్‌స్టన్ పరమాణువులు కాసిని ప్లాస్మాలోకి రాలితే వాటి 74 ఎలక్ట్రాన్లూ ఊడిపోవు. మిగిలినవి వేడిని కాంతిగా వెదజల్లి, ప్లాస్మాను చల్లార్చేస్తాయి.

ఉత్త సెకన్లే చూసినా మోసపోతాం. జపాన్‌లో క్యూషూ విశ్వవిద్యాలయం వారి ట్రయామ్-1ఎం 2003లోనే 5 గంటలు దాటింది, చాలా తక్కువ శక్తితో. వెస్ట్‌లో పంపింది 2 మెగావాట్లు. అసలైన ఇంధనం, డ్యుటీరియం ట్రిటియంలతో బ్రిటన్‌లోని జెట్ 2023లో 69 మెగాజౌళ్లు పుట్టించింది. అది సాగింది ఐదు సెకన్లే. జెట్ తీగచుట్టలు రాగివి, అవి వేడెక్కుతాయి కనుక ఎక్కువసేపు నడపలేకపోయేవారు.