ఆలుమగలు, రెండు బండ్లు, ఒకే దారి

పల్లెలలో భార్యాభర్తలు ఒకే మోటారు సైకిలుపై పోవుట మనకు చిరపరిచితమైన దృశ్యము. కొంతకాలముగా దానికి తోడు వేరొక దృశ్యము కానవచ్చుచున్నది. భర్త మోటారు సైకిలుపైనను, భార్య స్కూటరుపైనను ఇంటినుండి కలిసి బయలుదేరుచున్నారు. ఆయనకు మార్కెట్ యార్డులో పని. ఆమెకు బడిలోనో, అంగన్‌వాడీలోనో, బ్యాంకులోనో ఉద్యోగము. మండల కేంద్రము వరకు దారి ఒకటే. అచ్చటినుండి పనులు వేరు, మరల ఇల్లు చేరు వేళలు వేరు. కావున రెండు బండ్లు కావలసివచ్చినవి. స్త్రీ తన బండిని తాను నడుపుకొని పోగలుగుట గ్రామమునకు మేలైన మార్పే. అయితే ఇట్లు జంటగా పోవుటకు కొన్ని పద్ధతులు కలవు. వానిని పంచాయతీ సభ్యులు తెలిసికొని, తమ గ్రామమువారికి తెలియజెప్పవలెనని మా కోరిక.

ఈ విషయము చిన్నదిగా కనబడవచ్చును. కాని 2022వ సంవత్సరమున మన దేశములో రోడ్డు ప్రమాదములందు 1,68,491 మంది మరణించిరని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కలు తెలుపుచున్నవి. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనములపై పోవుచుండినవారే. ఇంటికి ఆధారమైన ఇద్దరును ఒకే వేళ, ఒకే దారిలో పోవునప్పుడు, ఒక్క క్షణపు పొరపాటు పిల్లలకు తల్లిని, తండ్రిని కూడ దూరము చేయవచ్చును.

జంట ప్రయాణములోని చిక్కు

ఒంటరిగా పోవువారు రోడ్డునే చూతురు. జంటగా పోవువారు రోడ్డును కొంత, తోడువారిని కొంత చూతురు. ముందున్నవారు మాటిమాటికి వెనుకకు తిరుగుదురు. వెనుకనున్నవారు విడిపోవుదుమేమో యను తొందరలో వేగము పెంచుదురు. ముందరి బండికి దొరికిన సందు తమకును దొరకునని తలంతురు. ప్రమాదమునకు మూలమిదియే. కావున మేము చెప్పదలచిన ముఖ్యవిషయము ఒక్కటి: ప్రయాణము ఇద్దరిదైనను, ప్రతి బండి విషయమున నిర్ణయము దానిని నడుపువారిదే కావలెను.

పక్కపక్కన పోరాదు

మాటలాడుకొనుచు రెండు బండ్లు పక్కపక్కన పోవుట తరచుగా చూచుచున్నాము. మన పల్లెలకు పోవు ఒంటి వరుస తారు రోడ్డు వెడల్పు సాధారణముగా 3.75 మీటర్లు మాత్రమే. రెండు బండ్లు, వాని నడుమనున్న జాగా కలిసి అందులో సగమునకు పైగా ఆక్రమించును. ఎదురుగా ట్రాక్టరు వచ్చినను, గేదె అడ్డము వచ్చినను, గుంట కనబడినను, తప్పించుకొనుటకు పక్కకు తిప్పిన బండి తోడువారి బండినే తాకును. మాటలాడవలసిన పని యున్నచో రోడ్డు దిగి, బండ్లు ఆపి మాటలాడుకొనుట మంచిది.

ఎవరు ఎక్కడ నుండవలెను?

ఒంటి వరుస రోడ్డుపై ఒకరి వెనుక ఒకరు పోవలెను. రెండు వరుసల పెద్ద రోడ్డుపై ఏటవాలుగా పోవుట మేలు. అనగా, మనము పోవు ఎడమ వరుసను మనస్సులో మూడు పాళ్లుగా విభజించుకొని, ముందరి బండి కుడి పాలులోను, వెనుకటి బండి ఎడమ పాలులోను పోవలెను. ముందరి బండి నడిగీతను తాకరాదు. ఈ విధముగా పోయినచో వెనుకనున్నవారికి ముందరి రోడ్డు కనబడును. ముందున్నవారికి అద్దములో వెనుకటి బండి కనబడును. మలుపులలోను, వంతెనలపైనను, రోడ్డు ఇరుకైన చోటను మరల ఒకరి వెనుక ఒకరు కావలెను.

రెండు బండ్ల నడుమ రెండు సెకండ్ల ఎడము తప్పనిసరిగా ఉండవలెను. దీనిని కొలుచుట సులభము. ముందరి బండి ఒక కరెంటు స్తంభమును దాటగనే, వెనుకనున్నవారు “వెయ్యిన్నొకటి, వెయ్యిన్నిరెండు” అని నిదానముగా అనుకొనవలెను. ఆ మాటలు ముగియక మునుపే తమ బండి స్తంభమును చేరినచో, మిక్కిలి దగ్గరగా పోవుచున్నారని తెలిసికొనవలెను. గంటకు 40 కిలోమీటర్ల వేగమున రెండు సెకండ్లలో బండి సుమారు 22 మీటర్లు పోవును. 60 కిలోమీటర్ల వేగమున 33 మీటర్లు పోవును. వానలోను, రోడ్డుపై బురద యున్నప్పుడును ఈ ఎడమును రెట్టింపు చేయవలెను.

ముందెవరు?

భర్తయే ముందుండవలెనను నియమమేదియు లేదు. ఇద్దరిలో ఎవరికి అనుభవము తక్కువయో, ఎవరి బండి చిన్నదో, వారి వేగమే ఇద్దరికిని వేగము కావలెను. తెలిసిన దారిలో అట్టివారు ముందు పోవుట మంచిది. అప్పుడు వేగము దానంతటదే అదుపులో నుండును, వెనుకనున్నవారు వారిని కనిపెట్టి యుండగలరు. తెలియని దారిలోను, పట్టణపు రద్దీలోను అనుభవముగలవారు ముందుండవచ్చును. అప్పుడు వారు అద్దములో వెనుకటి బండిని గమనించుచు, అది దూరమైనప్పుడు తామే వేగము తగ్గించవలెను. వెనుకనున్నవారు పరుగెత్తి అందుకొనుటకు ప్రయత్నింపరాదు.

మరియొక సంగతి. స్కూటరు చక్రములు మోటారు సైకిలు చక్రములకంటె చిన్నవి. పెద్ద చక్రము దాటిన గుంటలో చిన్న చక్రము దిగబడి తూలవచ్చును. ముందు పోవు మోటారు సైకిలువారు స్కూటరుకు అనువైన జాడను ఎన్నుకొనవలెను.

బయలుదేరకమునుపే ఎచ్చట ఆగవలెనో ఇద్దరును అనుకొనవలెను. “విడిపోయినచో పెట్రోలు బంకువద్ద కలిసికొందము” అను ఒక్క మాట యున్నచో, దారిలో తొందరయు ఉండదు, బండి నడుపుచు సెల్‌ఫోను తీయవలసిన పనియు ఉండదు.

లారీని దాటునప్పుడు

జంట ప్రయాణములో మిక్కిలి అపాయకరమైన ఘట్టమిది. గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు లారీని 60 కిలోమీటర్ల వేగమున దాటుచున్నామనుకొందము. లారీకి 20 మీటర్ల వెనుకనుండి బయలుదేరి, పది మీటర్ల లారీని దాటి, దానికి 20 మీటర్ల ముందుకు చేరుటకు సుమారు 9 సెకండ్లు పట్టును. ఆ కాలములో మన బండి 150 మీటర్లు పోవును. ఎదురుగా అదే వేగమున వచ్చు బస్సు మరి 150 మీటర్లు మన వైపునకు వచ్చును. అనగా ఒక్క బండి దాటుటకే 300 మీటర్ల మేర రోడ్డు ఖాళీగా కనబడవలెను. మొదటి బండి బయలుదేరినప్పుడు ఖాళీగా నున్న రోడ్డు, రెండవ బండి బయలుదేరునాటికి ఖాళీగా ఉండదు.

కావున ముందరివారు దాటినంతమాత్రమున వెనుకటివారు వారి వెంట పోరాదు. లారీ వెనుక ఆగి, రోడ్డును తమ కంటితో చూచి, సందు తమకు చాలునని తోచినప్పుడే దాటవలెను. ముందు దాటినవారు “రమ్ము” అని చేయి ఊపరాదు. అచ్చటినుండి చూచు రోడ్డు వేరు, వెనుకటివారు చూచు రోడ్డు వేరు. వారు దాటిన వెంటనే వేగము తగ్గింపక, వెనుకటి బండి వచ్చి చేరుటకు జాగా వదలి కొంత ముందుకు సాగి, ఆ పిమ్మట నెమ్మదించవలెను. పల్లె రోడ్డు జాతీయ రహదారిని కలియు చోటను ఈ నియమమే వర్తించును. ఒకరు దాటిరని రెండవవారు దాటరాదు. ప్రతివారును ఆగి, కుడి ఎడమలు చూచి దాటవలెను.

హెల్మెట్, దుస్తులు

మోటారు వాహనముల చట్టము 129వ సెక్షను ప్రకారము నడుపువారును, వెనుక కూర్చున్నవారును, నాలుగేండ్లు దాటిన పిల్లలును హెల్మెట్ ధరింపవలెను. దానిపై ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండవలెను, గడ్డము క్రింది పట్టీ బిగించుకొనవలెను. పట్టీ వదులైన హెల్మెట్ పడినప్పుడు ముందుగా అదియే ఊడిపోవును. చీర కొంగును, చున్నీని నడుమునకు చెక్కుకొనవలెను. ముందరి బండివారు మలుపునకు చాల ముందుగనే ఇండికేటరు వేయవలెను.

పంచాయతీ చేయదగిన పని

నడుపువారు ఎంత జాగ్రత్తగా నున్నను, రోడ్డు చక్కగా లేనిచో ప్రయోజనము తక్కువ. పల్లె రోడ్డు పెద్ద రోడ్డును కలియు చోట తుమ్మపొదలు చూపునకు అడ్డమగుచుండును, వానిని కొట్టించవలెను. వడ్లు, మొక్కజొన్నలు రోడ్డుపై ఆరబోసి చుట్టును రాళ్లు పెట్టు అలవాటును మాన్పించి, కళ్లములకు వేరుగా చోటు చూపవలెను. చీకటిలో ఆ రాళ్లు స్కూటరుకు మృత్యువే. ఎవరి ఇంటిముందు వారు కట్టుకొన్న స్పీడ్ బ్రేకర్లు ఎత్తుగా, ఇరుకుగా ఉండి బండిని ఎగురవేయును. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు సూచించిన కొలత 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. ఇంజనీర్ల సలహాతో వానిని సరిచేయించి, తెల్లరంగు వేయించి, ముందుగా హెచ్చరిక బోర్డు పెట్టించవలెను.

ఇద్దరిలో ఒకరు పడిపోయినచో, రెండవవారు తమ బండిని రోడ్డునడుమ వదలక, అంచున నిలిపి పరుగెత్తవలెను. వెంటనే 108కి ఫోను చేయించి, వచ్చు వాహనములను ఒకరిచేత హెచ్చరింపజేయవలెను. స్పృహలేనివారికి ఊపిరి ఆడుచున్నంతవరకు హెల్మెట్‌ను లాగి తీయరాదు. సాయము చేసినవారికి కేసుల చిక్కు వచ్చునను భయము వలదు. 2019లో సవరింపబడిన చట్టము 134-ఏ సెక్షను, మంచి మనస్సుతో తోడ్పడినవారికి రక్షణ కల్పించినది. ఈ మాట గ్రామసభలో అందరికి వినబడునట్లు చెప్పవలెను.

బడి మైదానములో ఒక ఆదివారము ఉదయము సున్నపు గీతలు గీయించి, రెండు సెకండ్ల ఎడమును, ఏటవాలు వరుసను గ్రామమువారికి చూపించుటకు పెద్ద ఖర్చు కాదు. ఇంటినుండి బయలుదేరిన ఇద్దరును సాయంకాలము క్షేమముగా ఇల్లు చేరునట్లు చూచుట కూడ పంచాయతీ బాధ్యతలలో నొకటియని సభ్యులు గుర్తింపగలరని ఆశించుచున్నాము.